పెద్దక్క నోరు తెరిచిన వారం

ముప్ఫై ఒక్క ఏళ్లపాటు పరాయివాళ్ల నోళ్లలోకి దీపం తిప్పిన మనిషి పెద్దక్క. ఆ పళ్ల ఆసుపత్రికి పొద్దున తాళం తీసేదీ ఆవిడే, సాయంత్రం వేసేదీ ఆవిడే. ఆ మధ్యలో వచ్చినవాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టేది, వణికేవాళ్ల భుజం మీద చెయ్యేసేది, డాక్టరు చెయ్యి చాపితే అడక్కుండానే కావలసిన పనిముట్టు అందులో పెట్టేది. అరవై ఏళ్ల మీసాలాయన కూడా ఆవిడని పెద్దక్కా అనే పిలిచేవాడు. అసలు పేరు ఆవిడే ఒక్కోసారి గుర్తు చేసుకోవలసి వచ్చేది.

నవ్వితే పెదాలు విడకుండా నవ్వేది. కొత్తవాళ్లు చూసి బిగువు మనిషి అనుకునేవారు, పాతవాళ్లు పెద్దరికం అనుకునేవారు. రెండూ కాదు.

ఆ సోమవారం రోగుల తాకిడి తగ్గేసరికి రెండు దాటింది. వెనక గదిలో సింకు పక్కనున్న చిన్న బల్ల దగ్గర కూర్చుని సంచిలోంచి జామకాయ తీసింది. మామూలుగా అయితే కత్తితో సన్నగా తరిగి, ముక్క ముక్కా కుడి దవడకి తోసి మెల్లిగా నమిలేది. ఆ రోజు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. కత్తి వెతికే ఓపిక లేక కొరికేసింది. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద ఎర్రటి చార.

అది ఆవిడకి కొత్త కాదు. పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు కనబడే రంగే. జామకాయని కాగితంలో చుట్టేసి బుట్టలో వెయ్యబోయింది. చేతులు కడుక్కోవడానికొచ్చిన డాక్టరమ్మ అప్పటికే చూసేసింది.

డాక్టరమ్మ ఆ ఆసుపత్రికి వచ్చి ఏడాదయింది. చేతులు వణుకుతున్నాయని పెద్ద డాక్టరుగారు పని మానుకున్నాక ఆ కుర్చీ ఈవిడ చేతికొచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఎన్నాళ్ల నుంచి పెద్దక్కా?"

"ఏంటమ్మా?"

"రక్తం."

"గట్టి కాయమ్మా. గీసుకుంది."

"జామకాయ గీసుకుంటుందా ఎక్కడైనా? రండి, కుర్చీలో కూర్చోండి."

"నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. మూడింటికి చిగురు కుట్లు విప్పించుకునే ఆవిడ వస్తుంది, ట్రే సర్దాలి."

"ట్రే నేను సర్దుకుంటాను. మీరు రండి."

ఆ కుర్చీ తలగడని రోజుకి ఇరవై సార్లు తుడిచిన చెయ్యి ఆవిడది. దాని మీద తల పెట్టడం ఇదే మొదలు. కుర్చీ వెనక్కి వాలేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దీపం నేరుగా కళ్లలోకి కొట్టింది. వీళ్లంతా కళ్లెందుకు గట్టిగా మూసుకుంటారో ఇన్నాళ్లకి అర్థమైంది.

"తెరవండి."

పెదాలు మాట వినలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వాసనొస్తుందమ్మా" అంది.

"వాసన కూడా చిగుళ్లు పంపే కబురే. ఎవరూ చదవరంతే. తెరవండి."

తెరిచింది. గీతలున్న సన్నటి కొలత పుల్ల పన్నుకీ చిగురుకీ మధ్య దిగింది. డాక్టరమ్మ అలవాటు కొద్దీ అంకెలు పైకి చదివింది. "రెండు, మూడు, మూడు." చదివి ఆగింది. రాసుకునే మనిషి కుర్చీలో ఉంది కదా! నవ్వుకుని, తనే చార్టు అందుకుంది.

సందు లోతు మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. నాలుగు దాటిందంటే చిగురు పన్నుని వదిలేసి సంచిలా వేలాడుతోందన్నమాట. ఏడాదిగా ఎందరివో ఆ అంకెలన్నీ రాసింది పెద్దక్కే. ఎదటివాళ్ల ఆరు చూసి నొచ్చుకుంది కూడా. ఇప్పుడు కళ్లు మూసుకుని తన అంకెలు తను వింది. నాలుగు. అయిదు. అయిదు. ఆరు. ఎడమవైపు కింద చివరికి వచ్చేసరికి పుల్ల ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగింది.

"ఏడు."

చిన్న ఎక్స్‌రే ఫిల్ములు తీసి, కడిగి, దీపానికి ఎత్తి చూపించింది డాక్టరమ్మ. పళ్ల మధ్య ఎముక ఉండవలసిన చోట అలలా కిందికి దిగిపోయి ఉంది.

"చిగుళ్ల జబ్బు. మీకు నేను చెప్పాలా?"

"తెలుసమ్మా. పీకాలా?"

అడిగేశాక ఆ మాట ఎవరిదో ఆవిడకే తెలిసింది. ఆ గదిలో ముప్ఫై ఏళ్లు వినిపించిన మాట.

"ఎందుకు పీకడం? ఆ చివరి దానికి మాత్రం మాటివ్వలేను. మిగతావన్నీ నిలబెట్టొచ్చు. ఇవాళ పైపైన గార తీస్తాను. ఎల్లుండి కుడివైపు మత్తు సూది ఇచ్చి చిగురు లోపల వేళ్లదాకా గీకుతాను. శనివారం ఎడమవైపు. రేపు చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి. చక్కెరుంటే చిగుళ్లు ఒక పట్టాన మానవు." చార్టు మూస్తూ అడిగింది. "పెద్ద డాక్టరుగారు ఎప్పుడూ చూడలేదా?"

"ఆయనకి తీరికెక్కడిదమ్మా? గుమ్మం దాకా మనుషులుండేవారు."

పుట్టింటిని ఎవరో మాటన్నట్టు గబుక్కున అనేసింది పెద్దక్క.

*

ఇంట్లో ఉండేది తనూ, చెల్లెలూ. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని దుకాణాల వాళ్ల చొక్కాలకి గుండీలూ కాజాలూ కుడుతుంది. కట్టుడు పళ్లు పక్కన గిన్నెలో నీళ్లలో ఉన్నాయి. అవి పెట్టుకుంటే దవడ ఒరుసుకుంటుందని మనుషులొస్తేనే పెట్టుకుంటుంది.

"మొహమేంటి, ఎండిన వంకాయలా ఉంది?"

పెద్దక్క చెప్పింది. అంతా విని చెల్లెలు సూదిలో దారం ఎక్కిస్తూ అంది. "మనింటి ఆడవాళ్లకి పళ్లు అద్దెకొచ్చినవేగా. అమ్మ నలభైకి ఖాళీ చేయించింది. నేను ముప్ఫై ఎనిమిదికి. నీవే ఇన్నాళ్లు తిష్ట వేశాయి."

"పీకనంటోందే."

"మరేం చేస్తుందట?"

"నిలబెడుతుందట. లోపల శుభ్రం చేసి, రోజూ సరిగ్గా తోముకుంటే నిలుస్తాయట."

చెల్లెలి సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది.

"నాకూ అప్పుడు రక్తమేగా వచ్చేది."

"ఊఁ."

"నొప్పి కూడా లేదు. ఊగేవి. వాసనొస్తుందని నేనే దుప్పటి వేరేగా కప్పుకునేదాన్ని."

"ఊఁ."

"మరి..." అని చెల్లెలు ఆ మాట పూర్తి చెయ్యలేదు. మెళ్లో వేలాడుతున్న కత్తెర అందుకుని దారం తెంపింది.

పళ్లున్న రోజుల్లో ఆ పిల్ల దారం కత్తెరతో తెంపేది కాదు. పళ్లతో టక్కున కొరికేది. ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. పెద్దక్క వంట చేస్తూ ఆ చప్పుళ్లు లెక్కపెట్టి గుండీలు ఎన్నయ్యాయో చెప్పేది. కట్టుడు పళ్లు వచ్చిన మొదటిరోజు అలవాటుగా దారం కొరకబోతే పై వరస జారి ఒళ్లో పడింది. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. చెల్లెలే ఎక్కువ నవ్వింది. మర్నాడు మెళ్లో కత్తెర కట్టుకుంది.

చెల్లెలి పళ్లు పీకిన వారం కూడా పెద్దక్కకి నిన్నటిలా ఉంది. పొద్దున్నే ఆసుపత్రి తెరవక ముందే రమ్మనేవారు పెద్ద డాక్టరుగారు. మన అమ్మాయి చెల్లెలు, బెంచీ మీద కూర్చోవడమేంటి అనేవారు. స్పిరిటు వాసన, పనిముట్లు మరిగించే స్టెరిలైజరులో కుతకుతలాడే నీళ్లు, ఆయన గొంతులో సన్నటి కూనిరాగం. చెల్లెలి తల తన గుండెకి ఆనించి పట్టుకుంది. "తేలిగ్గా వచ్చేస్తున్నాయమ్మాయ్!" అని ఆయన మురిసిపోయేవారు. ఒక్కో పన్నూ ట్రేలో టంగుమని పడేది. అయిదు రోజుల్లో ఇరవై రెండు. తనకి అప్పుడు గర్వంగా ఉండేది. మా డాక్టరుగారి చెయ్యి అలాంటిది అని.

"రక్తమొస్తే బ్రష్షు తగలనివ్వకు, ఉప్పేసి వేలితో తోముకో అనేదానివి నువ్వు" అంది చెల్లెలు. నిష్ఠూరంగా కాదు, గుర్తొచ్చి.

నిజమే. ఆయన చెప్పేవారు, తను బెంచీల దాకా మోసుకెళ్లేది. ఎన్ని వేలమందికి చెప్పిందో. అందరికంటే ముందు ఇంట్లో చెప్పింది. తనూ అదే చేసింది.

"దీపం కింద చీకటంటారే, అది మనమేనక్కా" అంటూ చెల్లెలు గిన్నెలోంచి పళ్లు తీసి నోట్లో పెట్టుకుంది. వచ్చిందెవరూ లేరు. అక్క ముందు కూడా పెట్టుకుంది.

*

బుధవారం కుడి దవడ మొద్దుబారాక డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. బయట నిలబడి వింటే ఆ గీకుడు చిన్న చప్పుడు. లోపల అది ఎముకలో పలికింది, అడుగంటిన గిన్నెని గరిటెతో తోముతున్నట్టు. ఉమ్మి లాగే గొట్టం బుగ్గకి అతుక్కోగానే పెద్దక్క చెయ్యి తనంతట తనే పైకి లేచి దాన్ని సర్దబోయింది.

"చేతులు ఒళ్లో పెట్టుకోండి" అంది డాక్టరమ్మ.

పెట్టుకుంది. కాసేపటికి మళ్లీ లేచాయి. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంటే గానీ కుదరలేదు.

పని అయ్యాక గాజుగుడ్డ మీద నల్లటి పొట్టు చూపించింది డాక్టరమ్మ. మిరియాల నలుసుల్లా ఉంది. ఇంత చిన్నదానికా ఇన్నాళ్లు సిగ్గుపడ్డాను అనిపించింది పెద్దక్కకి. తర్వాత డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి బ్రష్షు ఎలా పట్టాలో చూపించింది. మెత్తటి కుచ్చు, చిగురు అంచు వైపు ఏటవాలుగా, రుద్దకుండా చిన్నగా కదపడం. సందుల్లోకి సీసా తోమే బ్రష్షులాంటి బుల్లి బ్రష్షు.

"రక్తమొచ్చిన చోట వదిలెయ్యకండి. అక్కడే మెత్తగా, ఓపిగ్గా తొయ్యాలి. పాచి అక్కడుంది కాబట్టే రక్తం. పది రోజుల్లో మీకే తెలుస్తుంది. రెండు నెలలకి మళ్లీ కొలుస్తాను. ఆ తర్వాత మూడు నెలలకోసారి, ఇక ఎప్పటికీ."

తిమ్మిరెక్కిన పెదవితో పెద్దక్క అడగదలచుకున్నది అడిగింది. "మా చెల్లెలివి నిలిచేవా అమ్మా?"

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ ఆలోచించింది. "నేను చూడలేదు కదా పెద్దక్కా. కొన్ని పోయేవేమో. కొన్ని నిలిచేవేమో. అన్నీ పోవలసినవని మాత్రం చెప్పలేను."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననీ, చెప్పనందుకు మంచిదయిందనీ రెండూ అనిపించాయి.

*

గురువారం పెద్ద డాక్టరుగారు వచ్చే రోజు. పని మానుకున్నా వారానికోసారి వచ్చి కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని పేపరు చదివి వెళ్లకపోతే ఆయనకి తోచదు. డెబ్బై ఎనిమిదేళ్లు. చొక్కా జేబులో ఇప్పటికీ చిన్న టార్చిలైటు.

"ఇది ఆసుపత్రిలా లేదమ్మాయ్, పూలకొట్టు వాసనొస్తోంది" అన్నారు వస్తూనే. ప్రతి గురువారం అనే మాటే. పెద్దక్కకి కూడా ఆ స్పిరిటు వాసన లేకపోవడం ఏదో వెలితే. మధ్యాహ్నం ఖాళీ వేళల్లో ఇద్దరూ ఈ బెంచీ మీదే కూర్చుని దూది ఉండలు చుట్టేవారు. ఆయన చదువుకున్న రోజుల కబుర్లు చెప్పేవారు, తను వేళ్లు తడుపుకుంటూ ఊఁ కొట్టేది. ఇప్పుడు దూది చుట్టే పని లేదు; పొట్లాల్లో వస్తోంది.

బెంచీ మీదున్న పాత రోగి ఒకాయన పక్కవాళ్లకి చెబుతున్నాడు. "ఈయన పట్టకారు పడితే పన్ను తనంతట తనే లేచొచ్చేది. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు!"

అందరూ నవ్వారు. పెద్ద డాక్టరుగారూ నవ్వారు. నవ్వుతూనే పెద్దక్క వైపు చూసి, "దవడ వాచిందేంటమ్మాయ్?" అన్నారు.

"చిగుళ్లు సార్. లోపల గీకారు."

"ఎవరికి?"

"నాకే."

"ఫిల్ము ఉందా?"

తెచ్చిచ్చింది. ఆయన కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చెయ్యి వణికి ఫిల్ము కదులుతుంటే పెద్దక్క పాత అలవాటుగా మణికట్టు కింద తన వేళ్లు ఆనించింది. ఇద్దరూ అలా నిలబడి చూశారు. ఆయన చాలాసేపు చూశారు.

"ఇది నిన్నా మొన్నటిది కాదు. ఇరవై ఏళ్లుగా ఉన్నట్టుంది."

"ఉంటుంది సార్."

"నా పక్కనే నిలబడ్డావు. నాకెప్పుడూ చెప్పలేదే?"

పెద్దక్క ఆయన మణికట్టు కింద వేళ్లు ఇంకాస్త గట్టిగా ఆనించింది.

"నువ్వెప్పుడూ నోరు మూసుకునే ఉండేదానివి" అన్నారాయన. "నేనది వినయం అనుకున్నాను."

సోమవారం నుంచీ ఎన్నో మాటలు కూడబెట్టుకుంది ఆవిడ. అంట్లు తోముతూ కొన్ని, బస్సులో కొన్ని. కొన్ని పదునుగానే ఉన్నాయి. తీరా నోరు విప్పితే వచ్చింది ఒక్కటే మాట, అదీ ట్రే సిద్ధంగా ఉందని చెప్పినంత మెల్లిగా.

"అడిగితే తెరిచేదాన్ని సార్."

ఆయన ఫిల్ము దించారు. పేపరు నాలుగు మడతలు పెట్టారు, మళ్లీ విప్పారు.

"చెల్లెలెలా ఉంది?"

"గుండీలు కుడుతోంది."

"ఎన్ని తీశాను?"

"ఇరవై రెండు."

"తేలిగ్గా వచ్చాయి" అన్నారు పెద్ద డాక్టరుగారు. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "ఎముక లేకపోతే ఎవరు లాగినా తేలిగ్గానే వస్తాయమ్మాయ్. నా చెయ్యి గొప్పనుకున్నాను."

కాదు సార్ అందామంటే పెద్దక్కకి నాలుక తిరగలేదు. అవును అందామంటే మనసు రాలేదు. అప్పుడు పుస్తకాల్లో అంతే ఉండేదేమో, మనుషులు కూడా పీకెయ్యండి బాబూ అనే వచ్చేవారు. అవన్నీ నిజాలే. లోపల్నుంచి డాక్టరమ్మ పిలిచింది. వెళ్లి తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పేపరు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

శనివారం ఎడమవైపు పని అయింది. చక్కెర లేదని పరీక్షలో వచ్చింది. చివరి పన్ను మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది. "చూద్దాం" అంది డాక్టరమ్మ. ఎప్పుడూ తేల్చి చెప్పే ఆవిడ నోట ఆ మాట వినడం పెద్దక్కకి కొత్త. ఆ పూట ఇంటికెళుతూ దారంతా నాలుకతో పళ్లు తడుముకుంది. గరుకు పోయి నున్నగా, ఎవరివో పళ్లలా ఉన్నాయి.

*

ఆదివారం పదింటికి మెట్ల మీద ఆగి ఆగి అడుగులు వినిపించాయి. పెద్దక్క తలుపు తీస్తే ఎదురుగా పెద్ద డాక్టరుగారు, గోడ పట్టుకుని ఆయాసపడుతూ. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి.

లోపల చెల్లెలు గబగబా గిన్నెలోంచి పళ్లు అందుకోబోతే ఆయన చెయ్యెత్తారు. "ఉండనీ అమ్మా. నా దగ్గర మొహమాటమేంటి?"

పెద్దక్క కుర్చీ జరిపింది, మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి, చొక్కాల కుప్పనీ, చెల్లెలి మెళ్లో కత్తెరనీ చూశారు. ఇలాంటి మాట ఆయన ఎవరితోనూ అని ఎరగరు. అది తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు నీ పళ్లు నేను సరిగ్గా చూడలేదమ్మా. ఊగుతున్నాయి కాబట్టి తీసేశాను. కాస్త ఆగి ఉంటే కొన్ని మిగిలేవి. అది నీకు చెప్పాలని వచ్చాను."

పెద్దక్క గోడకానుకుని నిలబడిపోయింది. చెల్లెలు చేతిలోని చొక్కాని మోకాలి మీద పరిచి, లేని ముడత సాపు చేసింది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. కానీ నోరు ఊరుకునే రకం కాదు.

"ఇరవై రెండింటికీ కలిపి ఒక్క మాటేనా డాక్టరుగారూ?"

ఆయన తెల్లబోయారు. తర్వాత ఆ బోసినోరు విచ్చుకోవడం చూసి, ఆయన కూడా నవ్వలేక నవ్వారు.

"మీరు పీకినప్పటి నొప్పి నాకు గుర్తు లేదు" అంది చెల్లెలు. "అక్క గుండె గట్టిగా కొట్టుకోవడం గుర్తుంది. చెవి దానికానించే ఉంది కదా. నాకంటే తనే ఎక్కువ భయపడింది. అది చాలు లెండి. పళ్లదేముంది, ఉన్నవాళ్లు మాత్రం ఇనుప గుగ్గిళ్లు నములుతున్నారా?"

కాసేపటికి ఆయన జేబులోంచి టార్చిలైటు తీశారు. "ఆ కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నాయా? ఎందుకు పెట్టుకోవు?"

"ఒరుసుకుంటాయి."

"ఏదీ, చూడనీ."

ఆయన చెప్పకుండానే పెద్దక్క టార్చి అందుకుని వెలుగు సరిగ్గా పడేట్టు పట్టుకుంది. ఆయన వణికే వేలితో చిగురు వెంట మెల్లిగా తడిమారు. ఒకచోట చెల్లెలు ఉలిక్కిపడింది. "పుండు పడింది. ఎముక అరిగేకొద్దీ వరస వదులైపోయింది. ఇన్నాళ్లు దీంతో ఎలా ఉన్నావమ్మా? రేపు అక్కతో రా. కొత్తది చెయ్యాలి. డాక్టరమ్మకి నేను చెబుతాను." చెప్పి ఆగారు. "కాదు, అడుగుతాను."

ఆయన లేవబోయారు. చెప్పుల్లో కాలు పెట్టబోతూ మళ్లీ వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు.

"ఆ టార్చి చెల్లెలికివ్వమ్మాయ్."

"ఎందుకు సార్?"

"నువ్విలా వచ్చి కూర్చో."

పెద్దక్క నేల మీద ఆయన ముందు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం రాబోయింది. దాన్ని ఆవిడే కిందికి దించుకుంది.

"తెరువు" అన్నారు పెద్ద డాక్టరుగారు.

తెరిచింది. చెల్లెలు టార్చి అటూ ఇటూ తిప్పేస్తుంటే, "నిలకడగా పట్టుకో, మీ అక్కని చూసి నేర్చుకో" అని కసిరారు. కుడివైపు చూశారు, పైన చూశారు. కూనిరాగం లేదు. ఊపిరి బిగపట్టి, పరీక్షకి కూర్చున్న విద్యార్థిలా చూశారు.

"ఎరుపు తగ్గుతోంది. ఈ అంచు బిగుస్తోంది, చూశావా" అన్నారు, ఎవరితోనో. వేలు ఎడమవైపు చివరి పన్ను మీద ఆగింది. రెండు వేళ్లతో పట్టుకుని కదిపారు. ఊగింది. ఒకప్పుడైతే ఆ ఊగుడు చాలు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"దీన్ని తొందరపడి వదలొద్దని చెప్పు మీ డాక్టరమ్మతో."

ఆయన చూడటం అయిపోయింది. జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుంటున్నారు. పెద్దక్క ఇంకా అలాగే కూర్చుని ఉంది, మొహం పైకెత్తి, నోరు తెరుచుకుని.

"ఇక మూసుకోవే అక్కా, ఈగలు దూరతాయి" అంది చెల్లెలు.